పాలప్యాకెట్ లెక్క

కుక్కపిల్లను కాపాడటానికి ఎంత ఖర్చవుతుందని ఆ రోజుల్లో నన్నెవరైనా అడిగి ఉంటే, అరలీటరు పాలప్యాకెట్ ధర చెప్పేవాణ్ణి. అదీ తప్పే. తల్లిని వదిలిన కూనకు మన గేదెపాలు పడవు, పట్టిన పూటే విరేచనాలు మొదలవుతాయి. దయ పేరుతో నేను పెట్టిన మొట్టమొదటి ఖర్చు, లేని రోగాన్ని తెచ్చిపెట్టడానికి పెట్టింది.

లెక్కలు రానివాడు ఇలా చేస్తే సరేలే అనుకోవచ్చు. నేను బ్యాంకులో చేసి రిటైరైనవాణ్ణి, అందులోనూ చాలాకాలం వ్యవసాయ రుణాల సీటులో. రెండు పాడిగేదెలు కొంటానని రైతు వస్తే కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి అడిగేవాణ్ణి: మేత ఎక్కణ్ణుంచి తెస్తావు, షెడ్డు ఉందా, ఇన్సూరెన్సు కడతావా, వట్టిపోయిన నెలల్లో దాణాకు డబ్బేది? నీళ్ళు నమిలిన రైతు ఫైలు పక్కకు పోయేది. నోరులేని జీవాన్ని కొనడం ఒక్కరోజు పని, దాన్ని సాకడం ఏళ్ళ తరబడి పని అని నేను వాళ్ళకు ఉపన్యాసాలు కూడా ఇచ్చాను. ఆ ప్రశ్నల్లో ఒక్కటీ నన్ను నేను వేసుకోలేదు.

రిటైర్మెంట్ డబ్బులో కొంత పెట్టి మొయినాబాద్ దాటాక లోపలికి ఒక ముక్క జాగా కొన్నాను. రెండు గదులు, రేకుల షెడ్డు, మామిడి మొక్కలు, కాపలాకు ఒక జంట. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 ఊళ్ళలో పెద్ద కట్టడాలూ ఫ్యాక్టరీలూ రాకూడదని 1996లో 111 జీవో వచ్చింది. దాని పుణ్యమా అని ఇక్కడ అపార్ట్‌మెంట్లకు బదులు ఫామ్‌హౌసులు మొలిచాయి. ఆ జీవోను ఎత్తేయాలని 2023 మేలో మంత్రివర్గం తీర్మానించేనాటికే మా వైపు ఎటు చూసినా ప్రహరీ, గేటు, గేటు లోపల ఒక కుక్క. శని, ఆదివారాలు కార్లు వస్తాయి, పాటలు వస్తాయి, విస్తళ్ళ నిండా బిర్యానీ ఎముకలు మిగులుతాయి. సోమవారం పొద్దున గేట్లకు తాళాలు. ఆ రెండు రోజుల తిండికి అలవాటుపడిన ఊరకుక్కలు మిగతా ఐదు రోజులూ బీజాపూర్ రోడ్డెక్కుతాయి, టిప్పర్లు తిరిగే రోడ్డు అది. విస్తరణలో తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు పోతాయని గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్ళి పోరాడినవాళ్ళున్నారు. మంచిపనే చేశారు, నేనూ సంతకం పెట్టాను. ఆ చెట్ల కింద చచ్చే కుక్కల గురించి మాత్రం అప్పటిదాకా నాకు ధ్యాస లేదు.

మొదటిది ఆ రోడ్డు మీదే దొరికింది. తల్లికుక్క, వెనక కాలు విరిగి వేలాడుతోంది, పక్కన నాలుగు పిల్లలు. గోనెపట్టాలో చుట్టి కారులో వేసుకున్నాను. ఆ క్షణంలో నా గురించి నాకు కలిగిన గొప్ప భావం ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు చచ్చిపోతుంది. బ్యాంకులో లోను శాంక్షన్ చేసిన రోజుల్లో కూడా అంత దాతననిపించలేదు.

ఎక్స్‌రేలు, కాలికి ప్లేటు, మందులు, కట్లు మార్చడం, ప్రతిసారీ ట్రాలీ ఆటో కిరాయి అన్నీ కలిపి పాతిక వేలు దాటాయి. ఆ సంగతి నలుగురికీ గర్వంగా చెప్పుకున్నాను. ఆపరేషన్ చేసిన డాక్టరు మాత్రం మెచ్చుకోలేదు. మీ సందులో ఆడకుక్కలెన్ని ఉన్నాయని అడిగాడు. ఎప్పుడూ లెక్కపెట్టలేదన్నాను. ఆడకుక్క ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు. ఈ డబ్బుతో ఆ సందులోవాటికి పిల్లలు పుట్టని ఆపరేషన్లు చేయించి, రేబిస్ టీకా వేయించి, ఎక్కడివక్కడ వదిలేసి ఉంటే వచ్చే ఏడాది మీరు పట్టాలో చుట్టాల్సినవి సగం పుట్టేవే కావన్నాడు. 2023 నాటి జంతు జనన నియంత్రణ (ఏబీసీ) నిబంధనలు చెప్పేదీ అదే: పట్టుకో, ఆపరేషన్ చెయ్, టీకా వెయ్, పట్టుకున్న చోటే వదులు. 2025 ఆగస్టులో ఢిల్లీ కుక్కల కేసులో సుప్రీంకోర్టు, అన్నిటినీ షెల్టర్లలో పెట్టమన్న తన మాటను పదకొండు రోజుల్లోనే సవరించుకుని, రేబిస్ ఉన్నవీ మీద పడి కరిచేవీ తప్ప మిగతావాటి విషయంలో ఈ దారికే వచ్చింది. దీనికి ఫోటోలుండవు, కన్నీళ్ళుండవు. నాకు అప్పుడు ఫోటోలే కావాలి.

పిల్లలు నాలుగూ ముద్దుగా ఉన్నాయి. వాటిని ఇళ్ళకు ఇవ్వాలంటే చేయాల్సినవి ఉంటాయి. రెండు వారాలకోసారి నట్టల మందు. పార్వో, డిస్టెంపర్ లాంటి రోగాలకు కలిపి వేసే టీకా ఆరేడు వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. తల్లిపాలతో వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా సరిగ్గా పట్టదు, అది ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో పైకి కనిపించదు కాబట్టి అన్నిసార్లు. మూడు నెలలకు రేబిస్ టీకా. గోమార్ల మందు. ఆరో నెలలో ఆపరేషన్. ఒక్క రోగమూ రాని పిల్లకే, తిండి కాకుండా, నా బిల్లుల ప్రకారం పదివేలకు దగ్గరగా అవుతుంది. నేనేం చేశానంటే, మొదటి టీకా వేయించి, పిల్లలు తయారని ఫోటోలు పెట్టేశాను. నాలుగిటికీ ఇళ్ళు కుదిరాయి కూడా.

ఆ వారమే చేవెళ్ల కూరగాయల మార్కెట్‌కు వెళ్ళాను. టమాటా బాక్సుల సందులో ఇంకో పిల్ల, ఎముకలగూడు. కడుపు ఉబ్బి, కళ్ళలో పుసి. దాన్ని తెచ్చి ఆ నాలుగిటి మధ్యే వదిలాను. తోడు దొరికితే తేరుకుంటుందని నా సిద్ధాంతం. ఐదూ ఒకే పళ్ళెంలో తింటుంటే వీడియో తీశాను.

నాలుగైదు రోజులకు కొత్తది తిండి మానేసింది. మర్నాటికి పసుపుపచ్చ నురగ కక్కింది. ఆ తర్వాత నీళ్ళలాంటి విరేచనం, అందులో రక్తం. ఆ వాసన చెప్పనలవి కాదు. ఒకసారి పీల్చినవాడు చీకట్లో, తలుపు అవతల నుంచి కూడా దాన్ని పట్టేస్తాడు. వాచ్‌మన్ భార్య తెల్లవారక ముందే నాకు ఫోన్ చేసింది. "సారూ, గా తెల్లపిల్ల గూడ పండుకున్నది, లేస్తలేదు. రకుతం పడుతున్నది."

పార్వో. 1978 దాకా కుక్కల్లో ఈ వైరస్ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. బయటపడ్డ రెండేళ్ళలో ప్రపంచమంతా చుట్టేసింది. వైద్యం అందకపోతే పిల్లల్లో పదింటికి తొమ్మిది చచ్చిపోవచ్చు. దీన్ని చంపే మందు లేదు. సలైన్లు ఎక్కిస్తూ, వాంతులు ఆపుతూ, పేగుల్లోంచి రక్తంలోకి వేరే క్రిములు చేరకుండా యాంటీబయాటిక్ ఇస్తూ, పిల్ల ఒళ్ళు తనంతట తాను గెలిచేదాకా నిలబెట్టడమే వైద్యం. అగ్గిపుల్లంత ముందుకాలు మీద బొచ్చు గొరిగి, కనిపించీ కనిపించని నరంలోకి సూది దించి, అది ఊడిపోకుండా ప్లాస్టర్ చుట్టి, గంటలకొద్దీ ఒకరు పట్టుకుని కూర్చోవాలి. సలైన్ బాటిల్‌ను కిటికీ ఊచకు కట్టాం. ఒళ్ళు చల్లబడుతుంటే వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టాం.

"కట్టాం, పెట్టాం" అని రాస్తున్నాను గానీ, రాత్రిళ్ళు పట్టుకుని కూర్చున్నది వాచ్‌మన్ దంపతులు. నేను పదింటికల్లా మెహిదీపట్నం వెళ్ళిపోయేవాణ్ణి, బీపీ మనిషిని కదా.

డాక్టరు ఒక్కటే అడిగాడు: "కొత్తదాన్ని వేరుగా ఉంచారా?" బయటనుంచి వచ్చిన ఏ పిల్లనైనా కనీసం రెండు వారాలు విడిగా ఉంచాలట. విడిగా అంటే వేరే గది, వేరే గిన్నె, వేరే చెప్పులు. నేను వేరే పళ్ళెం కూడా పెట్టలేదు. మరి రోజూ ఫినాయిలుతో కడుగుతున్నాం కదా అన్నాను. ఫినాయిలుకు పార్వో చావదు. ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై పాళ్ళ నీళ్ళు కలిపి, ముందు మురికంతా తీసేసి, పది నిమిషాలు తడిగా ఉంచితేనే చస్తుంది. అదీ సిమెంటు నేల మీద. మట్టిలో పడ్డదాన్ని ఏమీ చేయలేం, నీడ పట్టున ఏడాది దాకా బతికే ఉంటుంది. అంటే మామిడిచెట్ల కింద నేను ఎంతో ముచ్చటపడి కంచె వేయించిన ఆటస్థలం, టీకాలు పూర్తికాని ఏ పిల్లకూ ఏడాదిపాటు పనికిరాదు. ఆ నష్టానికి నా పుస్తకంలో గడే లేదు.

నాలుగిట్లో రెండు చనిపోయాయి. మార్కెట్లో దొరికిన బక్కది బతికింది. పోయిన రెండిటి కోసం ఎదురుచూస్తున్న ఇళ్ళకు ఫోన్ చేసి చెప్పాలి కదా. ఒకింట్లో పదేళ్ళ అమ్మాయి అప్పటికే పేరు పెట్టుకుంది. వాళ్ళమ్మ ఫోన్ ఆ పిల్ల చేతికే ఇచ్చింది. మొండి బకాయిదార్లతో మాట్లాడి నోరు రాటుదేలిన వాణ్ణి, ఆ పిల్లతో ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు.

ఆ గొడవలోనే, సలైన్ పట్టుకున్న వాచ్‌మన్ భార్య చేతి మీద పాత గాటు కనిపించింది. ఇదేమిటమ్మా అన్నాను.

"పెద్దకుక్క కరిసింది సారూ. గప్పుడే, కాలిరిగి ఒచ్చిన కొత్తల. మీరు పట్నంల ఉన్నరు."

"మరి సూది వేయించుకున్నావా?"

"సున్నం పెట్టిన. మానిపాయె."

నాకు ముచ్చెమటలు పోశాయి. రేబిస్ లక్షణాలు కనబడ్డాక బతికించే వైద్యం లేదని తెలియనివాణ్ణి కాదు. ఆ తల్లికుక్కను తెచ్చిన రోజున నా మోచేతికి గోరు గీసుకుంటే, సబ్బుతో కడుక్కుని ఆ సాయంత్రమే సూదులు మొదలుపెట్టించుకున్న ఘనుణ్ణి. అదే కుక్కకు రోజూ అన్నం పెట్టే మనిషి సంగతి నాకు తట్టలేదు. డాక్టరు చెప్పింది ఊరట కలిగించింది: కరిచిన కుక్క పది రోజుల తర్వాత కూడా ఆరోగ్యంగా తిరుగుతుంటే ఆ కాటుతో రేబిస్ వచ్చే భయం లేదు. మా తల్లికుక్క నెలలు గడిచినా మూడు కాళ్ళమీద గెంతుతూ దొంగతనాలు చేస్తోంది. అది అదృష్టం, నా తెలివి కాదు. ఆ తర్వాత భార్యాభర్తలిద్దరికీ ముందుజాగ్రత్త టీకాలు వేయించాను. కరిచిన చోటును సబ్బు పెట్టి ధారగా పారే నీళ్ళకింద పదిహేను నిమిషాలు కడగాలనీ, సున్నం, కారం పెట్టకూడదనీ, వెంటనే చేవెళ్ల సర్కారు దవాఖానకు వెళ్ళాలనీ చెప్పాను. అంతా విని ఆమె ఒక మాట అంది:

"అన్ని జెప్తున్నరు సారూ. నా జీతం చెట్లకు నీళ్ళు పెట్టుటానికి, గడ్డి తీసుటానికి. కుక్కల పీతి ఎత్తుటానికి ఎన్నడన్న మాట్లాడిండ్రా?"

మాట్లాడలేదు. నా పుస్తకంలో చికెన్ సెంటర్ నుంచి తెచ్చిన మెడల కిలో ధర ఉంది, నూకల బస్తా ధర ఉంది, దూది ధర ఉంది. ఆమె కూలి లేదు. కొన్ని నెలలపాటు రోజుకు ఐదారు గంటలు ఆమె కుక్కల పనే చేసింది. ఊళ్ళో నాట్లకో కలుపుకో వెళితే వచ్చే కూలి లెక్కగడితే, నా పాతిక వేల ఆపరేషన్ బిల్లు దాని ముందు చిన్నదే. జంతుప్రేమికుడని నాకు ఊళ్ళో వచ్చిన పేరు, ఆమె చీపురు మీద నిలబడింది.

మిగిలిన పిల్లలను ఇవ్వడం ఇంకో కథ. ఉచితంగా ఇస్తానని నేను గొప్పగా ప్రకటించుకున్నాను. ఉచితం అనగానే ఫోన్లు రాలేదని కాదు, మోగిపోయాయి. ఒకాయన పూర్తి నల్ల కుక్కే కావాలన్నాడు, శనిదోషానికి రొట్టె పెట్టాలట. మా నల్లదాని కాలి చివర తెల్లగా ఉందని వీడియో కాల్లో చూసి వద్దన్నాడు. ఆ నాలుగు వేళ్ళ తెలుపు దాన్ని కాపాడిందని నా నమ్మకం.

ఇంకొక కుటుంబం చాలా మంచివాళ్ళు. పిల్లను కడుపులో పెట్టుకుని చూసుకున్నారు. చిలుకూరు బాలాజీ దగ్గర పదకొండు ప్రదక్షిణలు చేసి వీసా మొక్కుకున్న సంగతి మాత్రం నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. వీసా వచ్చింది. నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసి మొక్కు తీర్చుకుని, గుడి నుంచి వచ్చే దారిలోనే మా గేటు దగ్గర ఆగి కుక్కను దించారు. అమెరికాకు కుక్కను తీసుకెళ్ళాలంటే 2024 ఆగస్టు నుంచి ఆరు నెలల వయసు, మైక్రోచిప్ తప్పనిసరి. మనది రేబిస్ ఎక్కువున్న దేశం కాబట్టి రక్తపరీక్ష లాంటి తతంగాలు ఇంకా ఉన్నాయి. అంత పెట్టలేమన్నారు, ఏడ్చారు. నేను వాళ్ళను తిట్టలేను. ఐదేళ్ళ లోను ఇచ్చేముందు నీకు ట్రాన్స్‌ఫర్ ఎప్పుడని ఉద్యోగిని అడిగేవాణ్ణి, పదేళ్ళు పన్నెండేళ్ళు బతికే ప్రాణాన్ని ఇచ్చేటప్పుడు ఊళ్ళో ఉంటారా అని అడగలేదు.

మూడోదాన్ని మా పక్క ఫామ్‌హౌసు ఆసామికి ఇచ్చాను. రెండెకరాల జాగా, కుక్కకు స్వర్గమనుకున్నాను. కొన్నాళ్ళకు వెళ్ళి చూస్తే గేటు పక్కన మూడడుగుల గొలుసు, బోర్లాపడిన నీళ్ళ గిన్నె, మెడ చుట్టూ బొచ్చు ఊడి పుండు. మనుషులు వారానికి రెండు రోజులొచ్చే చోట మిగతా ఐదు రోజులు కుక్కే కాపలా. జంతువును అదేపనిగా కట్టేసి ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమే. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకా. ఆ గొలుసుకే అంతకంటే ఎక్కువ పెట్టి ఉంటాడు. కేసు పెట్టలేదు, బతిమాలి తెచ్చుకున్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు: "పైసా తీసుకోకుండా ఇచ్చారు కదా సార్, మళ్ళీ ఏంది?" ఆయన ప్రశ్న సబబే.

గొర్రెల సంగతి కూడా చెప్పేయాలి, దాచుకుంటే ఈ ఒప్పుకోలుకు అర్థం లేదు. నేను గేటు బయట పెట్టే అన్నానికి వేరే సందుల కుక్కలూ చేరాయి. ఒక రాత్రి అవి గుంపుగా వెళ్ళి పక్క చేనులో మంద పెట్టిన కురుమాయన గొర్రెపిల్లలను పీకేశాయి. పొద్దున్నే ఆయన చచ్చిన పిల్లను భుజాన వేసుకుని వచ్చి, గేటు ముందు దించి, "మీ కుక్కలే సారూ" అన్నాడు. నావి కావని వాదించడానికి నోరు తెరిచి మూసుకున్నాను. డబ్బిచ్చాను. ఆయన లెక్కపెట్టుకుని, ఒక పిల్లది తక్కువుందని చెప్పి అదీ తీసుకుని వెళ్ళాడు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి కుక్కలు చంపేసినప్పుడు నేను టీవీ ముందు కూర్చుని మున్సిపాలిటీని తిట్టాను. మా ఊరి పిల్లలు బడికి నా గేటు ముందునుంచే పోతారు.

ఇప్పుడు పద్ధతులు మారాయి. ఇష్టపడి మార్చుకున్నవి కావు, ఒక్కోటీ ఒక దెబ్బ తగిలాక వచ్చింది. గేటు బయట తిండి లేదు. సందులోని ఆడకుక్కలకు ఒక్కొక్కదానికే ఆపరేషన్ అవుతోంది. పిల్లను తీసుకునేవాళ్ళ దగ్గర టీకాల ఖర్చు తీసుకుంటున్నాను, ఆపరేషన్ కోసం కొంత డిపాజిట్ పెట్టించుకుని, చేయించిన బిల్లు చూపిస్తే తిరిగిస్తున్నాను. ఇంటికి వెళ్ళి చూస్తాను. అద్దె ఇల్లయితే ఓనరుతో మాట్లాడతాను. సగం మంది డిపాజిట్ మాట వినగానే ఫోన్ పెట్టేస్తారు. ఒకాయన "బ్యాంకాయన బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు" అని మొహం మీదే అన్నాడు. చాలా ఏళ్ళ తర్వాత నాకు దక్కిన మెచ్చుకోలు అది.

తల్లికుక్కను మాత్రం ఎవరూ తీసుకోలేదు. ప్లేటు వేసినా ఆ కాలు నేలకు ఆనదు, వయసుమీరింది, ముఖం కూడా అంత బాగుండదు. తొంభై రోజులు కట్టని అప్పును మేం బ్యాంకులో ఏ ఖాతాలో వేసేవాళ్ళమో దీన్నీ ఆ ఖాతాలోనే వేసి, బాకీ అని పిలిచాను. ఊరంతటికీ అదే పేరైపోయింది. బాకీకి ఈ మధ్య గోమార్ల జ్వరం వచ్చింది. ఇరవై ఎనిమిది రోజుల మాత్రలు, బెల్లంలో పెట్టి మింగించాలి, బెల్లం తిని మాత్ర ఉమ్మేస్తుంది. రైతులను అడిగినట్టు, దీని దాణాకు డబ్బేదని ఇప్పుడు ఎవర్ని అడగాలి?

వాచ్‌మన్ భార్యకు కుక్కల పనికి వేరే జీతం ఇస్తున్నాను. జీతంతో పాటు ఆమె ఒక హక్కు కూడా తీసుకుంది: కొత్తది రావాలంటే తను సరేననాలి. మొన్న వానల్లో కనకమామిడి దగ్గర మర్రిచెట్టు మొదట్లో ఒక పిల్ల వణుకుతూ కనబడింది. కారాపి, దిగకముందే ఆమెకు ఫోన్ చేశాను.

"ఎంత పిల్ల?"

"నెలన్నర ఉంటుందేమో."

"కండ్లల్ల పుసి ఉన్నదా? పానం మంచిగున్నదా?"

చూడలేదన్నాను. చూసి చెప్పమంది. వానలో దిగి, వెనక్కి తిప్పి, తోకెత్తి చూసి చెప్పాను. విరేచనం లేదు, పొట్ట ఉబ్బి ఉంది.

"నట్టలు. పదిహేను దినాలు ఇడిగా ఉండాలె. షెడ్డుల జాగ లేదు, బాకీ పండుకున్నది. మీ బాత్‌రూంల పెట్టుకోండ్రి సారూ. మీరే కడుగుండ్రి."

పెట్టుకున్నాను. పట్నం వెళ్ళడం మానుకుని, ఆ రెండు వారాలూ బోరు దగ్గరే స్నానం. పొద్దునా సాయంత్రం బ్లీచింగ్ కలిపి నేనే కడిగాను. ఆమె రెండుసార్లు వచ్చి తలుపు దగ్గర్నుంచే చూసి, మూలన సరిగా పోలేదని మళ్ళీ కడిగించింది. బ్లీచింగ్ వాసన పోయేదాకా ఫామ్ గడప తొక్కనని మా ఆవిడ తేల్చి చెప్పింది.